నలభై నిమిషాల్లో ఆరు వారాలు

ఔషధ నియంత్రణ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

(గది బయట బోర్డు మీద తమ హోదా మాత్రమే ఉంది. తాము అమ్మగారైతే ఈ సంబోధనకు మన్నించాలి.)

విషయం: "ఆరు వారాల్లో మాత్రలకు సెలవు" అను ప్రకటనలోని రెండు ఫోటోలు ఒకే రోజు, ఒకే ఉదయం తీసినవని తెలియజేయుట, సదరు ప్రకటనను తక్షణమే ఆపించవలసినదిగా కోరుట గురించి.

తమరికి విన్నవించుకొనునది ఏమనగా:

1. నేను ఒక ఫోటో స్టూడియోలో తొమ్మిదేళ్ళుగా ఫోటోలు దిద్దే పని చేస్తున్నాను. పాస్‌పోర్టు ఫోటోల్లో మొటిమలు చెరపడం, పెళ్ళి ఫోటోల్లో మూసుకుపోయిన కళ్ళ స్థానంలో తెరిచిన కళ్ళు అతికించడం, పోయినవాళ్ళ పాత ఫోటోలకు రంగు వేయడం నా ఉద్యోగం. నా పేరు, చిరునామా, స్టూడియో పేరు, కంపెనీ పేరు వేరే కవరులో పెట్టి జతపరిచాను. ఈ కాగితం ఎన్ని బల్లల మీదుగా నడిచి తమ దగ్గరికి వస్తుందో తెలియక ఇందులో రాయలేదు. నాకు భయంగా ఉంది. ఈ మాట అర్జీలో ఎలా రాయాలని బయట టైపు చేసే ఆయన్ని అడిగితే "ఆందోళన చెందుచున్నాను అని పెడదామమ్మా" అన్నారు. అది నాకు చాలలేదు. అందుకని చేత్తో రాస్తున్నాను. కొట్టివేతలు ఉంటే క్షమించాలి.

2. నాలుగు నెలల క్రితం సదరు కంపెనీ తరఫున టై కట్టుకున్న ఒక మనిషి మా స్టూడియోకు వచ్చారు. ఏ జబ్బుకైనా పనిచేస్తుందని పచ్చసీసాలో అమ్మే వాళ్ళ మందుకు "వాడక ముందు", "వాడిన తర్వాత" అని రెండు ఫోటోలు కావాలన్నారు. రావలసిన మోడల్ రాలేదు. ఆయన గడియారం చూసుకున్నారు, మా యజమానిని చూశారు, తర్వాత నన్ను చూశారు. "ఈవిడ సరిపోతారు, మామూలు మనిషిలా ఉన్నారు" అన్నారు. నాకు సంతోషమే అనిపించింది. ఆ సంగతి దాచను.

"వాడిన తర్వాత" ఫోటో ముందు తీశారు. అప్పుడే దువ్వుకున్న జుట్టు, ఉతికిన చీర, ఎదురుగా మెత్తటి లైటు. తర్వాత మొహం కడుక్కుని తుడుచుకోకుండా రమ్మన్నారు. జుట్టు రేపారు. లైటు నెత్తి మీదికి మార్చారు, కళ్ళ కింద నీడ పడటానికి. "భుజాలు వదిలేయండి, ఇంట్లో గొడవపడి వచ్చినట్టు చూడండి" అన్నారు. అది "వాడక ముందు". ఆ సాయంత్రం కంప్యూటర్లో నా కళ్ళ కింద ఇంకాస్త నలుపు నేనే పెట్టాను. పెదవుల రంగు నేనే తీశాను. రెండు ఫోటోల్లోనూ వెనక గోడ గడియారం పడింది. దాన్ని కూడా నేనే చెరిపాను. చెరపని అసలు ఫోటోలు ఈ అర్జీకి జతపరిచాను. తాము గమనించవచ్చు. "వాడిన తర్వాత" ఫోటోలో టైము పదీ నలభై. "వాడక ముందు" ఫోటోలో పదకొండూ ఇరవై. ప్రకటనలో ఆ రెంటి మధ్య ఆరు వారాలు ఉన్నాయి.

3. ప్రకటనలోని మాటల గురించి. "పదిమంది డాక్టర్లలో తొమ్మిదిమంది ఒప్పుకున్నారు" అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఆ అక్షరాలు పేర్చేటప్పుడు టై ఆయన నా పక్కనే కూర్చున్నారు. ఏం ఒప్పుకున్నారండీ అని అడిగాను. "ఇది తాగితే ప్రాణానికి ప్రమాదమా అని అడిగాం. తొమ్మిదిమంది, ప్రమాదం ఉండకపోవచ్చు అన్నారు" అన్నారు. మరి పదో ఆయన? "ఇందులో ఏముందో చెప్పమన్నారు. చెప్పలేదు. అయినా ఆ ఒక్కరు ఉండాలండీ. పదికి పది వేస్తే ఎవరూ నమ్మరు."

"లక్ష కుటుంబాల నమ్మకం" అనేది వాళ్ళు అచ్చు వేయించుకున్న లేబుళ్ళ సంఖ్య. "ఈ ఆదివారం వరకే" అనే చోట ప్రతి సోమవారం తేదీ మార్చేది నేనే. తెల్లకోటు వేసుకుని సీసా పట్టుకున్న పెద్దమనిషి టై ఆయనకు బావమరిది. కింద ఒక మూలన, చీమ కూడా కళ్ళు చికిలించి చదవాల్సినంత చిన్నగా, "ఫలితాలు మనిషిని బట్టి మారవచ్చు" అని ఉంటుంది. దాన్ని ఇంకా చిన్నది చేయమంటే చేశాను.

ఇవన్నీ చేస్తున్నప్పుడు తప్పని అనిపించలేదా అని తాము అడగవచ్చు. ఫోటోలు దిద్దే చోట ఏదీ అబద్ధంలా అనిపించదండీ. అందరం కాస్త బాగా కనబడాలనే వస్తాం. ఎవరికీ చెప్పనని కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. పెట్టాను.

4. నా మాటగా ప్రకటనలో ఇలా ఉంది: "ఏళ్ళ తరబడి మాత్రలు మింగాను. ఇప్పుడు ఒక్కటి కూడా లేదు." నాకు తలనొప్పి ఉండేది. మాత్రలు ఎప్పుడూ పర్సులోనే ఉండేవి. ఫోటో తీసిన పది రోజులకు కళ్ళ డాక్టరు అద్దాలు రాశారు. అద్దాలు పెట్టుకున్నాక తలనొప్పి పోయింది. మాత్రలు మానేశాను. టై ఆయనకు ఈ సంగతి తెలిసి, "చూశారా, ఇక అబద్ధం కూడా కాదు" అని నవ్వారు.

మా ఇంట్లో పై వాటాలో మా మరిది కుటుంబం, కింది వాటాలో మేము ఉంటాం. మెట్లు ఇద్దరికీ ఒకటే. నా ఫోటో బస్సుల మీద కనబడటం మొదలైన వారం ఇంటికి చుట్టాలు వచ్చారు. నేను వడ్డిస్తున్నాను. అందరూ నా మొహంలోకే చూస్తున్నారు. ఎన్నేళ్ళయినా ఆ ఇంట్లో నన్ను అలా ఎవరూ చూడలేదు. మా తోటికోడలు అడిగింది, "నిజంగా తాగావా అక్కా?"

"ఆఁ, తాగాను" అన్నాను.

చేతిలో గరిటె ఉంది. ఇంకెవరికో వడ్డించాలి. అంతే, పక్కకు తిరిగాను. నేను తమరి ముందు ఒప్పుకోవలసిన నేరం అదేనని నా అభిప్రాయం. ఫోటో కంటే అది పెద్దది.

5. మా తోటికోడలికి పద్నాలుగో ఏట నుంచి మూర్ఛ వ్యాధి ఉంది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి మాత్రలు. అవి వేసుకుంటున్నంత కాలం బాగానే ఉంది. ఆఖరిసారి ఫిట్స్ వచ్చి రెండేళ్ళు దాటింది. కానీ ఆ మాత్రలతో కునుకు ముంచుకొస్తుంది. ఆమె కుట్టు కార్ఖానాలో మిషను మీద కాలర్లు కుడుతుంది. చెయ్యి నెమ్మదైతే సూపర్‌వైజరు అందరి ముందూ అంటాడు. జుట్టు కూడా రాలుతోందని దిగులు. ఏడేళ్ళ కూతురుంది. అమ్మ ఎప్పుడూ పడుకునే ఉంటుందని ఆ పిల్ల బళ్ళో చెప్పిందట. అది విని రెండు రోజులు అన్నం తినలేదు.

గత నెలలో బట్టలు తీయడానికి పైకి వెళ్ళినప్పుడు వాళ్ళ చెత్తబుట్టలో మాత్రల అట్టలు చూశాను. ఒక్క మాత్ర కూడా విప్పలేదు. గిన్నెలు తోమే తొట్టి కింద నాలుగు పచ్చసీసాలు వరుసగా ఉన్నాయి.

"ఇవేంటి?" అన్నాను.

చీర మడత పెడుతూనే చెప్పింది. "ఆపేశాను అక్కా. నీకు చెబుదామనే అనుకున్నాను. పందొమ్మిది రోజులైంది. ఒక్కసారి కూడా రాలేదు తెలుసా."

"మాత్రలతో రెండేళ్ళు రాలేదు కదా. పందొమ్మిది రోజులు ఏం లెక్క?"

"అప్పుడు మాత్రలు ఆపాయి. ఇప్పుడు ఇది ఆపుతోంది."

"ఇదే ఆపుతోందని ఎవరు చెప్పారు? కళ్ళు మూసుకుని రోడ్డు మీద పందొమ్మిది అడుగులు వేశావు. బండి రాలేదు. అంటే ఇక రాదనా?"

"నువ్వే కదా చెప్పావు" అంది. కోపంగా కాదు. నన్ను చూసి మురిసిపోతూ అంది. "వేరే ఎవరైనా అయితే నమ్మేదాన్ని కాదక్కా. నా కళ్ళతో చూశాను. నీ తలనొప్పి పోయింది, మాత్రలు పోయాయి."

అక్కడే గడప మీద కూర్చున్నాను. అంతా చెప్పాను. అద్దాల సంగతి, లైటు సంగతి, నలభై నిమిషాల సంగతి. పూర్తిగా విన్నది. తర్వాత, "కంపెనీ వాళ్ళతో ఏదైనా గొడవైందా?" అని అడిగింది. లేదన్నాను. "మరి నేను బాగుపడుతుంటే నీకేమైంది?" అంది.

మర్నాడు ఆమెను స్టూడియోకు తీసుకెళ్ళి అసలు ఫోటోలు తెర మీద చూపించాను. గడియారం మీద వేలు పెట్టి చూపించాను. ఆమె తెరకు దగ్గరగా వంగి చూసింది. "ఈ గడియారం నువ్వే పెట్టి ఉండొచ్చు కదక్కా" అంది. "నీ పనే అది కదా."

ఇక్కడి నుంచి నాకు అంశాలుగా విడగొట్టి రాయడం చేతకావడం లేదు. వరుసగా రాస్తాను.

మరిదికి చెప్పాను. "వదినా, దాని మొహం చూశావా, ఎంత కళగా ఉందో. ఇన్నేళ్ళలో పగలు నిద్రపోకుండా ఉండటం ఇప్పుడే చూస్తున్నాను" అన్నాడు. నిజమే, కళగానే ఉంది. మాత్రలు ఆపితే కునుకు పోతుంది. ఆ కళ చూసే నాకు భయం వేసేది. "ఇంతమంది కొంటున్నారు, అందరూ తెలివితక్కువవాళ్ళా వదినా?" అన్నాడు. మందుల షాపులో సీసాలు అయిపోయి రెండు రోజులు తిరిగానని గర్వంగా చెప్పాడు. పాత డాక్టరు దగ్గరికి ఒక్కసారి వెళ్ళొద్దామని బతిమాలాను. "ఆయన మాత్రలు రాసే మనిషి, మానమంటాడా?" అన్నాడు. ఆ వాక్యం ప్రకటనలో ఉంది. నేనే అక్షరాలు పేర్చాను.

స్టూడియో యజమానికి చెప్పాను. ఆయన సంతకం గుర్తుచేశారు. సాయంత్రానికి టై ఆయన ఫోను చేశారు. చాలా మర్యాదగా మాట్లాడారు. "మీరు మంచివారు, అందుకే చెబుతున్నాను. ఫోటో దిద్దింది ఎవరు? గడియారం చెరిపింది ఎవరు? రేపు ఎవరైనా అడిగితే మేం చెప్పాల్సి వస్తుంది కదండీ" అన్నారు. మా ఆయనకు చెబితే, "ఊరుకో, అందరూ కలిసి నిన్నే ఇరికిస్తారు" అన్నారు. ఊరుకున్నాను. తమ కార్యాలయం అప్పుడు కూడా ఇక్కడే ఉంది. మా ఇంటి నుంచి రెండు బస్సులు మారితే చాలు. రాలేదు.

దానికి బదులు నేను చేసిందేమిటంటే, ఆమె మెట్లు దిగే వేళకు కింద నిలబడేదాన్ని. ఏదో పని ఉన్నట్టు, చీపురు పట్టుకుని. ఆమె పొయ్యి వెలిగించే వేళకు ఉప్పు కావాలని పైకి వెళ్ళేదాన్ని. పైన ఏ గిన్నె పడిన చప్పుడైనా నా చేతిలో ఉన్నది కింద పడేది. కార్ఖానాకు వెళ్ళాక ఇక నాకు కనబడదు. సాయంత్రం చెప్పుల చప్పుడు వినేదాకా పనిలో ఎవరి కళ్ళు ఎవరికి అతికిస్తున్నానో తెలిసేది కాదు. ఒకసారి పెళ్ళికూతురికి పెళ్ళికొడుకు తల్లి కళ్ళు పెట్టాను.

ఇరవై ఆరో రోజు, బుధవారం పొద్దున తొమ్మిది గంటలకు, ఆమె తడిబట్టల బకెట్టు పట్టుకుని డాబా మీదికి ఎక్కుతోంది. నేను మెట్ల మొదట్లో ఉన్నాను. పై నుంచి మూడో మెట్టు మీద ఆగిపోయింది. గోడ మీద ఏదో రాసి ఉంటే చదువుతున్నట్టు చూసింది. కుడిచెయ్యి తనంతట తానే కొంగు లాగడం మొదలుపెట్టింది. నేను పిలిచాను. పలకలేదు. బకెట్టు ముందు వచ్చింది, తర్వాత ఆమె వచ్చింది. నేను నాలుగు మెట్లు ఎక్కానేమో. తల మాత్రం నా పొట్టకు తగిలి ఆగింది. భుజం మెట్టు అంచుకు తగిలిన చప్పుడు విన్నాను.

పక్కకు తిప్పి పడుకోబెట్టాను. ఎదురింటావిడ వచ్చి నోట్లో చెంచా పెట్టమంది. వద్దన్నాను, అది ఆమె పాత డాక్టరు ఎప్పుడో నాకు నేర్పిన సంగతి. ఐదు నిమిషాలు దాటితే వెంటనే ఆసుపత్రికి తేవాలని కూడా ఆయనే చెప్పారు. టైము చూద్దామంటే నా అద్దాలు ఎక్కడో ఎగిరిపడ్డాయి. ఎదురింటావిడే టైము చెబుతూ వచ్చింది. ఏడు నిమిషాలకు ఆగింది. కళ్ళు తెరవలేదు. తెరవకుండానే మళ్ళీ మొదలైంది. అంబులెన్సులో మూడోసారి. ఆమె కూతురు బడికి వెళ్ళి ఉండటం ఒక్కటే నేను ఆ రోజు తలుచుకోగల మంచి.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగిన మొదటి మాట, "మాత్రలు ఎప్పుడు ఆపారు?" ఎందుకు ఆపారని అడగలేదు. నా మొహం వైపు చూసి, మళ్ళీ కాగితంలోకి చూసి, మళ్ళీ నా వైపు చూసింది. గుర్తుపట్టింది. తిట్టినా బాగుండేది.

మూడు రోజులు స్పృహ లేదు. గొట్టంతో ఊపిరి అందించారు. మరిది బయట బల్ల మీద చెప్పులు లేకుండా కూర్చునేవాడు, ఇంటి నుంచి అలాగే పరిగెత్తుకొచ్చాడు. నేను అతని పక్కన కూర్చోవడానికి భయపడి ఎదుటి గోడ దగ్గర నిలబడేదాన్ని. ఆ కిటికీలోంచి రోడ్డు కనబడుతుంది. ఎర్రలైటు పడితే బస్సులు ఆగుతాయి. వాటి మీద నేను, రెండు మొహాలతో.

నాలుగో రోజు కళ్ళు తెరిచింది. భుజం ఎముక విరిగింది, అతుకుతుందన్నారు. కుడిచేతి పట్టు తగ్గింది. మాటలు వెతుక్కుంటోంది. దారం అనడానికి "పొడుగ్గా ఉండేది" అంటోంది. కూతురి పేరు మాత్రం వెంటనే చెప్పింది. ఎంతవరకు కోలుకుంటుందో ఇప్పుడే చెప్పలేమన్నారు. పాత మాత్రలు మళ్ళీ మొదలుపెట్టారు. మిషను మీద పని ఇక కుదరదేమోనని మరిది అనుకుంటున్నాడు, ఆమెకు చెప్పలేదు.

నిన్న నేను అన్నం కలిపి తినిపిస్తున్నాను. నా చెయ్యి పట్టుకుంది. ఒక్కో మాటా వెతికి వెతికి అంది: "తప్పు నాదే అక్కా. ఆరు... ఆరు వారాలు అవ్వలేదు కదా. తొందరపడి... పడిపోయాను. ఇంకో రెండు వారాలు వాడి ఉంటే."

అయ్యా, నేను ఇవాళ తమ దగ్గరికి వచ్చింది ఆ మాట వినే.

కావున తమరిని ప్రార్థించునది:

అ) సదరు ప్రకటనను బస్సుల మీద, గోడల మీద, పత్రికల్లో తక్షణం ఆపించాలి. తక్షణం అంటే విచారణ తర్వాత అని కాకుండా, ముందు ఆపి తర్వాత విచారించాలి.

ఆ) మాత్రలు ఒక్కసారిగా ఆపకూడదని, ఆపినవాళ్ళు వెంటనే తమ డాక్టరు దగ్గరికి వెళ్ళాలని, ఆ ప్రకటన ఎంత పెద్దగా వేశారో అంత పెద్దగా వేయించాలి. కావాలంటే నా ఫోటోయే వాడండి, దిద్దకుండా.

ఇ) నాపై తీసుకోదగిన చర్య తీసుకోవాలి. ఫోటో దిద్దింది నేనే, గడియారం చెరిపింది నేనే, తాగానని చెప్పింది నేనే. సాక్షిగా పిలిచినా, ముద్దాయిగా పిలిచినా వస్తాను. మా తోటికోడలికి పొద్దున ఎనిమిదింటికి, రాత్రి ఎనిమిదింటికి మాత్రలు ఇచ్చేది ఇప్పుడు నేనే కనుక, ఆ రెండు వేళలు తప్ప ఎప్పుడైనా.

పై విషయములన్నియు తాము ఆలస్యం లేకుండా చిత్తగించవలెనని వేడుకొనుచు,

తమ విధేయురాలు,
సదరు ప్రకటనలో ఎడమవైపునా కుడివైపునా ఉన్న మనిషి

జతపరచినవి: అసలు ఫోటోలు రెండు, ఆసుపత్రి చీటీ నకలు, పేర్లున్న కవరు.

తా.క. ఇది కాగితం వెనక రాస్తున్నాను, అందినట్టు ముద్ర పడకముందే. అర్జీ ఇవ్వబోతే తమ కార్యాలయంలో అర్జీలు తీసుకునే గుమాస్తాగారు నన్ను చూసి లేచి నిలబడ్డారు. "మీరు ఆ బస్సు మీద ఆవిడ కదూ. కూర్చోండమ్మా, కూర్చోండి" అని తన కుర్చీ జరిపారు. "మిమ్మల్ని చూసే మా అమ్మకు తెచ్చాను. గుండె మాత్రలు సగం తగ్గించేశాం. వచ్చే వారం నుంచి మొత్తం ఆపేద్దామనుకుంటున్నాం" అన్నారు. నేను చెప్పాను. మొదటి నుంచీ చివరిదాకా, ఈ కాగితంలో ఉన్నదంతా నోటితో చెప్పాను. ఆయన చిరునవ్వు తగ్గలేదు. "మీరు ఎవరికో భయపడి ఇలా అంటున్నారమ్మా, నాకు అర్థమైంది" అని మెల్లగా అన్నారు. ఇప్పుడు భోజనానికి వెళ్ళారు. రెండింటికి వస్తారట. మిగతా వాటికి ఫైలు నడిచినప్పుడు నడవనివ్వండి. ఇది మాత్రం ఆగదు. ఆయన రాగానే లోపలికి పిలిచి తమ నోటితో చెప్పండి. వాళ్ళమ్మకు ఫోను చేయించండి. ఈ కాగితం తమ గది తలుపు కింద నుంచి లోపలికి తోసి, నేను బయట బల్ల మీదే ఉంటాను.